సున్నా రాసిన వారం: మిషనరీ దినచర్య మనకు నేర్పే పాఠం



మిషనుకు సిద్ధపడుతున్న మన యువతీ యువకుల కోసం ఇస్తున్న పాఠాల్లో ఇది ఒకటి. తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుని చదివితే మంచిది, మీకూ ఇందులో ఒక మాట ఉంది. చదవడానికి ముందు ఈ లేఖన భాగాలు గుర్తు పెట్టుకోండి: మార్కు 6:7, లూకా 10:1-9, 1 కొరింథీయులకు 3:5-9, ఆల్మా 17, ఆల్మా 26:27-30, సిద్ధాంతము మరియు నిబంధనలు 4.

మిషను చేసి వచ్చిన వాళ్లను మన పిల్లలు మొదట అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు?" అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఆ ఒక్క లెక్కనే మనసులో పెట్టుకుని విమానం ఎక్కితే మూడో నెలకే కుంగిపోతారు. అందుకే ఈ రోజు మిషనరీ దినం ఎలా గడుస్తుందో పొద్దున్న నుంచి రాత్రి దాకా చెబుతాను. ఆ దినంలో మన చేతిలో ఏముంది, దేవుని చేతిలో ఏముంది అనేది ఈ పాఠంలో అసలు విషయం.

ముందుగా తెలియాల్సినవి

బయటివాళ్లు మనల్ని మోర్మన్లు అంటారు. సంఘం పూర్తి పేరుతోనే పిలవమని 2018లో అధ్యక్షులు రస్సెల్ ఎం. నెల్సన్ గారు కోరారు: యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. కొత్తగా చూసేవాళ్ల కోసం ఈ సంగతి చెబుతున్నాను.

యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు సేవ చేస్తారు. 2012 అక్టోబరు వరకు కనీస వయసు యువకులకు 19, యువతులకు 21 ఉండేది. ఆ నెల మహాసభలో అధ్యక్షులు థామస్ ఎస్. మాన్సన్ గారు దాన్ని 18కి, 19కి తగ్గించారు. ఎక్కడికి వెళ్లాలో మనం కోరుకోం. పిలుపు ఎక్కడికి వస్తే అక్కడికే. జీతం ఉండదు. మిషనరీ, అతని కుటుంబం శక్తి కొద్దీ ఖర్చు పెట్టుకుంటారు. అమెరికా లాంటి దేశాల నుంచి వెళ్లేవాళ్లకు 2020 జూలై నుంచి అది నెలకు 500 డాలర్లు. ఖర్చు ఎక్కువైన దేశానికి వెళ్లినా, తక్కువైన దేశానికి వెళ్లినా వాళ్లు ఇచ్చేది అంతే. స్తోమత లేనివాళ్లకు సంఘం మిషనరీ నిధి తోడ్పడుతుంది.

నాకు ఫిలిప్పీన్స్ పిలుపు వచ్చింది. మన మిషనరీలు అక్కడ పని మొదలుపెట్టింది 1961లో. ఇప్పుడు అక్కడ సభ్యులు 8 లక్షలకు పైగా ఉన్నారు. నేను ఎక్కువ కాలం ఉన్నది మనీలాకు దక్షిణాన ఉన్న లగూనా ప్రాంతంలో. 2017కు ముందు రోజులవి. కాబట్టి నేను చెప్పే సమయాల్లో కొన్ని ఇప్పుడు మారాయి, ఎక్కడ మారాయో చెబుతాను.

1. ఉదయం 6:30 నుంచి 10 వరకు: మొదట మనం నింపుకోవాలి

6:30కి లేవాలి. మోకాళ్ల మీద ప్రార్థన, అరగంట వ్యాయామం, స్నానం, టిఫిన్. 8 గంటలకు ఒక గంట సొంత అధ్యయనం. 9 గంటలకు ఇద్దరూ కలిసి అధ్యయనం. కొత్త భాష నేర్చుకునేవాళ్లకు దాని కోసం ఇంకో అరగంటో గంటో. 2004లో వచ్చిన "నా సువార్తను ప్రకటించుడి" అనే పుస్తకం మాకు పాఠ్యపుస్తకం. 2023లో దాని కొత్త కూర్పు వచ్చింది. 2017 నుంచి ఈ సమయాలను ఆయా దేశాల అలవాట్లకు తగ్గట్టు మిషను అధ్యక్షుడు సర్దుకునే వీలు కల్పించారు.

వినడానికి ఇది హాస్టల్ టైంటేబుల్ లాగా ఉంటుంది. ఇంట్లో అమ్మ నాలుగుసార్లు పిలిస్తే లేచే కుర్రాడిని అక్కడ ఎవరూ లేపరు. మిషను అధ్యక్షుడు ఎక్కడో ఊళ్ల అవతల ఉంటారు. లేవకపోతే అడిగే మనిషి లేడు. ఎవరూ చూడని చోట 6:30కి కాళ్లు నేల మీద పెట్టడమే ఆ దినంలో మొదటి ఆరాధన. ఆ రెండేళ్లలో ఇది నాకు బాగా తెలిసింది.

ఆ ఉదయం అధ్యయనం విడిచిపెడితే సాయంత్రానికి ఇతరులకు ఇవ్వడానికి మన దగ్గర ఏమీ ఉండదు. మన అమ్మమ్మలు చెప్పేది కూడా అదే కదా, బావిలో ఉంటేనే చేదలోకి వస్తుంది.

2. జంట: మనం ఎంచుకోని మనిషిని ప్రేమించడం

ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపారని మార్కు, లూకా సువార్తల్లో చదువుతాం. సిద్ధాంతము మరియు నిబంధనలు 42:6లో కూడా అదే ఆజ్ఞ ఉంది. అందుకే మిషనరీకి ఎప్పుడూ ఒక కంపానియన్ ఉంటాడు. ఒకే ఇల్లు, ఒకే వంట, ఒకే దారి. స్నానాల గదికి తప్ప ఒక్కరే ఎక్కడికీ వెళ్లకూడదు. సాధారణంగా 6 వారాలకు ఒకసారి బదిలీలు వస్తాయి. అప్పుడు కంపానియన్ మారవచ్చు, ఊరు మారవచ్చు, రెండూ మారవచ్చు.

నా మొదటి కంపానియన్ ఫిలిప్పీన్స్ వాడే, కానీ విసయాస్ దీవుల నుంచి వచ్చినవాడు. ఇంట్లో మాట్లాడేది సెబువానో. లగూనాలో మాట్లాడే తగాలోగ్ అతనికి బడిలో నేర్చుకున్న భాష. నేను తెలుగువాడిని. మా ఇద్దరి మధ్య మాట నడవాలంటే కొంత ఇంగ్లీషు, కొంత తగాలోగ్, మిగతాది చేతులు. అతను నిద్ర లేవగానే పాట అందుకుంటాడు. నాకేమో టిఫిన్ అయ్యేదాకా నిశ్శబ్దం కావాలి. అతనికి ఎండుచేపల వేపుడు వాసన అంటే ప్రాణం. నేను పచ్చడి సీసా తెరిస్తే అతను కిటికీ తెరుస్తాడు.

నవ్వు వస్తుంది గానీ, రెండు నెలలు ఒకే గదిలో ఉన్నప్పుడు ఇవి చిన్న విషయాలు కావు. అత్తారింటికి వచ్చిన కొత్త కోడలు ఎంత సర్దుకోవాలో మిషనరీ కూడా అంత సర్దుకోవాలి. కాకపోతే ఇక్కడ ఇద్దరూ కొత్త కోడళ్లే.

దీనికి సంఘం ఒక మంచి పద్ధతి పెట్టింది. వారానికి ఒకసారి, ప్రణాళిక వేసుకున్న తర్వాత, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. నీలో నాకు నచ్చిన మంచి ఏమిటి, మన మధ్య సరిచేసుకోవాల్సింది ఏమిటి, నేను నీకు ఎలా సాయపడగలను. చివర్లో ప్రార్థన. మన ఇళ్లల్లో భార్యాభర్తలు, అన్నదమ్ములు వారానికి ఇరవై నిమిషాలు ఇలా కూర్చుంటే ఎన్ని గొడవలు తగ్గుతాయో ఆలోచించండి. పాట సంగతి కూడా అలాగే తేలింది. వ్యాయామం చేసేటప్పుడు అతను పాడుకోవచ్చు, అధ్యయనానికి ముందు పది నిమిషాలు నాకు నిశ్శబ్దం ఇవ్వాలి. బదిలీ వచ్చి అతను వెళ్లిపోయిన మర్నాడు పొద్దున్న ఇల్లు మరీ మూగగా అనిపించింది.

3. గేటు దగ్గర: "తావో పో"

10 గంటలకు బయటికి వెళతాం. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరు పలక. ఆ పలక మీద మన ఇంటి పేరు ఉంటుంది, దాని కింద ప్రభువు నామం ఉన్న సంఘం పేరు. చిన్న పేరు రెండేళ్లు ఎవరూ పిలవరు. ఎల్డర్ అనీ, సిస్టర్ అనీ పిలుస్తారు.

ఫిలిప్పీన్స్‌లో ఇంటి ముందు నిలబడి తలుపు కొట్టడం తక్కువ. గేటు బయట ఆగి "తావో పో" అని కేక వేస్తారు. తావో అంటే మనిషి. పో అంటే మన "అండి". గౌరవం చూపాల్సిన ప్రతి మాటకూ చివర ఆ పో చేరుతుంది. తెలుగు చెవికి మొదటివారం అంతా విచిత్రంగా ఉంటుంది. ఎంత మర్యాదగా మాట్లాడితే అంతగా "పో, పో" అంటున్నట్టే వినిపిస్తుంది! జీప్నీ ఎక్కితే చిల్లర ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి డ్రైవరు దాకా వెళుతుంది, వెనక కూర్చున్నవాడు "బయాద్ పో" అంటాడు, ఇదిగో డబ్బులండి అని. పెద్దవాళ్లు ఎదురైతే "మానో పో" అంటూ వాళ్ల చేతిని తీసుకుని నుదుటికి ఆనించుకుంటారు. పెద్దల కాళ్లకు నమస్కరించే ఇళ్లల్లో పెరిగినవాడిని, ఆ ఒక్క ఆచారంతో ఆ దేశం నాకు పరాయిది కాకుండా పోయింది.

"తావో పో" అనే మాట మీద కొంచెం ఆగుదాం. "మనిషినండి." గేటు దగ్గర మనం మొదట చెప్పేది అదే. సంఘం పేరు తర్వాత, సందేశం తర్వాత. ముందు మనిషిని.

ఆల్మా 17లో అమ్మోను చేసింది ఇదే. లామోనై రాజు దగ్గరికి వెళ్లి వెంటనే ప్రసంగం మొదలుపెట్టలేదు. మీ మధ్య నివసించాలని ఉంది, మీకు సేవకుడిగా ఉంటాను అన్నాడు. రాజు అతన్ని మందల దగ్గరికి పంపాడు. అతను మందలను కాపాడాడు, తర్వాత రాజు గుర్రాలను సిద్ధం చేశాడు. రాజు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది ఆ నమ్మకమైన పని చూసిన తర్వాతే. మా దినంలో కూడా అలాంటి పని చాలా ఉండేది. ఒకరికి బియ్యం బస్తా మోసిపెట్టడం, ఒకరి పిల్లలకు లెక్కలు చెప్పడం, తుఫాను వెళ్లాక ఇళ్లల్లో పేరుకున్న బురద పారతో తీయడం. బురద తీసిన రోజు వాక్యం చెప్పే సందు రాకపోవచ్చు. ఆ రోజు కూడా ప్రభువు పనే జరిగింది.

ఇంకో చిక్కు. ఎండన పడి వెళితే ప్రేమతో కాఫీ కలిపి తెస్తారు. మనం జ్ఞాన వాక్యం ప్రకారం కాఫీ, టీ తాగం. ఇచ్చింది కాదంటే మన ఊళ్లో ఎంత నొచ్చుకుంటారో అక్కడా అంతే. అందుకే ముందుగానే నవ్వుతూ "తుబిగ్ పో" అని మంచినీళ్లు అడిగేవాళ్లం. కాదనే మాట కన్నా అడిగే మాట తియ్యగా ఉంటుంది. ఆ ఇంట్లోనే సినిగాంగ్ పెడితే మాత్రం రెండోసారి వడ్డించుకునేవాడిని. చింతపండు పులుపుతో అచ్చం మన పులుసే.

4. రాత్రి 9 గంటలకు: రెండు రకాల లెక్కలు

9 గంటలకు ఇంటికి చేరాలి. మా రోజుల్లో అప్పుడు చిన్న ప్లానర్ పుస్తకం తీసి మర్నాటి పని రాసుకునేవాళ్లం. 2017 తర్వాత ఈ ప్రణాళిక ఉదయానికి మారింది. 10:30కి దీపం ఆర్పాలి.

ఆదివారం రాత్రి ఆ వారం లెక్కలు ఫోన్లో చెప్పాలి. ఎన్ని పాఠాలు చెప్పారు, కొత్తగా ఎంతమంది విన్నారు, సంస్కార కూడికకు ఎంతమంది వచ్చారు. వర్షాకాలంలో ఒక వారం మూడు గడుల్లోనూ సున్నా రాశాం. ఆ వారం మేము రోజూ బయటికి వెళ్లాం. వస్తామన్నవాళ్లు రాలేదు. ఇంట్లో ఉన్నవాళ్లు తలుపు తియ్యలేదు. గేట్ల దగ్గర తడిసి తడిసి బూట్ల అడుగులు ఊడిపోయాయి. ఇంటి దగ్గర నా స్నేహితులు కాలేజీలో ఒక్కో సెమిస్టరు దాటుతున్నారు. ఇక్కడ నా ఎదుట సున్నా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకూ ఆ సున్నా వస్తుంది. రాని మిషనరీ నాకు తెలిసి లేడు. ఆ రాత్రి ఏం చేస్తారో ఇప్పుడే నేర్చుకోవాలి.

పౌలు కొరింథీయులకు రాసింది చూడండి (1 కొరింథీయులకు 3:5-9). నాటే పని ఒకరిది, నీళ్లు పోసే పని ఇంకొకరిది, పెంచే పని దేవునిది. ప్రతివాడికీ ప్రతిఫలం తాను పడిన కష్టాన్ని బట్టి అంటాడు పౌలు, పంటను బట్టి అనలేదు. అందుకే ఆ రాత్రి నుంచి మేము ప్లానర్ వెనక పేజీలో రెండో లెక్క ఒకటి మొదలుపెట్టాం. సమయానికి లేచామా? మనసు పెట్టి చదివామా? వెళ్లాల్సిన ప్రతి గేటుకూ వెళ్లామా? ఒకరి మీద ఒకరం కోపంతో పడుకుంటున్నామా? ఈ లెక్కకు జవాబు ఎదుటివాళ్ల చేతిలో లేదు, మా చేతిలోనే ఉంది. మొదటి లెక్క మిషను ఆఫీసుకు, రెండో లెక్క ప్రార్థనలో ప్రభువుకు.

అమ్మోను, అతని సహోదరులు కూడా ఒక దశలో గుండె చెదిరి వెనక్కి తిరగబోయారని ఆల్మా 26:27లో ఉంది. ప్రభువు వాళ్లను ఓదార్చి, ఓపికతో శ్రమ భరించమన్నారు. వాళ్ల సేవ 14 ఏళ్లు సాగింది. మొదటి ఏడాదే లెక్క చూసుకుని తిరిగి వచ్చేసి ఉంటే?

5. పంట ఎప్పుడు, ఎవరి చేతికి వస్తుంది?

రెండు ఉదాహరణలు చెబుతాను.

1830లో ప్రవక్త జోసెఫ్ స్మిత్ తమ్ముడు శామ్యూల్ స్మిత్ మోర్మన్ గ్రంథం ప్రతులు సంచిలో వేసుకుని కాలినడకన బయలుదేరాడు. చాలా ఇళ్లల్లో కాదు పొమ్మన్నారు. తన ప్రయాణం వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదని అతనికి అనిపించింది. అతను ఇచ్చిన ప్రతులు యంగ్ కుటుంబం చేతుల్లోకి, వాళ్ల బంధువుల చేతుల్లోకి వెళ్లాయి. 1832లో బ్రిగమ్ యంగ్ బాప్తిస్మం పొందారు. తర్వాత సంఘానికి రెండో అధ్యక్షులయ్యారు.

రెండోది మన సొంత కథ. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు మన తెలుగువాళ్లు. సమోవా దీవుల్లో ఉంటూ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో మిషనరీలుగా హైదరాబాదు వచ్చి తమ కుటుంబం వాళ్లకే సువార్త చెప్పారు. 22 మంది బంధువులు బాప్తిస్మం తీసుకున్నారు. భారతదేశంలో మొట్టమొదటి స్టేకు ఏర్పడింది 2012లో, అదే హైదరాబాదులో. మధ్యలో 34 ఏళ్లు. ఆ 34 ఏళ్లలో నీళ్లు పోసినవాళ్లు ఎందరో, వాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు. మన స్టేకులో ఆదివారం కూర్చునే ప్రతి కుర్చీ వెనక ఎవరో ఒకరు సున్నా రాసిన వారం ఉంది.

6. తల్లిదండ్రులకు ఒక మాట

మీ భయాలు నాకు తెలుసు. చదువులో రెండేళ్లు వెనకబడతాడేమో, బంధువులు ఏమంటారో, ఆడపిల్లను అంత దూరం ఎలా పంపడం అని. ఇవి విశ్వాసం లేక వచ్చే భయాలు కావు, ప్రేమ వల్ల వచ్చేవి. కాలేజీలో సీటు, సెలవు సంగతులు పిలుపు కోసం దరఖాస్తు పెట్టకముందే కాగితం మీద తేల్చుకోండి. బిషప్పుతో, స్టేకు అధ్యక్షునితో కూర్చుని డబ్బు సంగతి దాచకుండా మాట్లాడండి.

మా రోజుల్లో ఇంటికి వారానికి ఒక ఈమెయిలు, క్రిస్మస్‌కు, మదర్స్ డేకు ఫోను, అంతే. 2019 ఫిబ్రవరి నుంచి మిషనరీలు ప్రతివారం సిద్ధపాటు దినాన ఇంటికి ఫోను, వీడియో కాల్ చేసుకోవచ్చు. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం కూడా ఆ రోజే. ఆ కాల్‌లో దయచేసి "ఈ వారం ఎంతమంది?" అని అడగకండి. "ఏం తిన్నావు? కంపానియన్ ఎలా ఉన్నాడు? ఈ వారం లేఖనాల్లో ఏం చదివావు?" అని అడగండి. ఊళ్లో పెళ్లిళ్లు, పండుగలు అన్నీ చెప్పి వాడి గుండె ఇంటివైపు లాగకండి. అలాగని కష్టం దాచి వాడిని పరాయివాడిని కూడా చెయ్యకండి.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. కొందరు పిల్లలు రెండేళ్లు నిండకుండా తిరిగి వస్తారు. ఒంట్లో బాగోలేక కావచ్చు, మనసు బాగోలేక కావచ్చు. మన ఊళ్లల్లో అలాంటి బిడ్డను చూసి గుసగుసలాడే అలవాటు ఉంది. అది మానాలి. ఆరు నెలలు నాటి వచ్చినవాడు ఆరు నెలలు నాటినట్టే. ఆ విత్తనాలను దేవుడు పారేయలేదు. విమానాశ్రయానికి వెళ్లండి, దండ తీసుకెళ్లండి. రెండేళ్లు చేసి వచ్చినవాడికి వండిన కూరలే వీడికీ వండండి. డాక్టరు అవసరమైతే వెంట వెళ్లండి. కారణం మీరు అడగనక్కర్లేదు, చెప్పాలనిపించినప్పుడు వాడే చెబుతాడు.

ఈ వారం చేయాల్సినవి

1. వారం రోజులు ఎవరూ లేపకుండా ఒకే సమయానికి లేవండి. లేచాక మొదటి పని ప్రార్థన, రెండో పని లేఖనాలు. ఫోను ఆ తర్వాతే.

2. ఇంట్లో మీకు కుదరని మనిషి ఒకరిని ఎంచుకోండి. ఇరవై నిమిషాలు కూర్చోండి. వాళ్లలో మీకు నచ్చిన మంచితో మొదలుపెట్టండి.

3. వంట నేర్చుకోండి. అన్నం, పప్పు, ఒక కూర. బట్టలు మీరే ఉతుక్కోండి. దీన్ని చిన్న విషయం అనుకోకండి, మీ కంపానియన్ మీకు రుణపడి ఉంటాడు.

4. ఇరుగుపొరుగులో ఒకరికి ఒక పని చేసిపెట్టండి. ఆ రోజు సంఘం మాట ఎత్తకండి.

ఆలోచించండి

ఎవరూ చూడనప్పుడు నేను ప్రభువుకు ఇస్తున్న గంట ఏది? ఫలితం కనబడక నేను మధ్యలో వదిలేసిన మంచి పని ఏదైనా ఉందా? నేను ఈ రోజు సంఘంలో ఉండడానికి ఎవరెవరు నాటారు, ఎవరెవరు నీళ్లు పోశారు? వాళ్లలో ఒకరికైనా కృతజ్ఞత చెప్పానా?

ప్రియమైనవారలారా, దేవుడు మన నుంచి పంట అడగడం లేదని, దినం అడుగుతున్నారని నేను సాక్ష్యమిస్తున్నాను. ఆ దినాన్ని పూర్తిగా ఆయన చేతిలో పెడితే దాన్ని ఎక్కడ నాటాలో, ఎప్పుడు మొలిపించాలో ఆయనకు తెలుసు. మీలో వెళ్లేవాళ్లను, పంపేవాళ్లను, వెళ్లి ముందుగానే తిరిగి వచ్చినవాళ్లను ఆయన పేరుపేరునా ఎరుగును. యేసు క్రీస్తు నామమున, ఆమేన్.